మూడు రంగుల తూటాలు

ఆ ఏడు వేటకాలానికి మా ఇంట్లో ఒక్క తుపాకీ ఉంటే చాలని తేల్చింది నా బావమరిది వెండెల్. ఏ తుపాకీయో తేల్చింది కూడా వాడే. నేను కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఆగస్టు నెల. గడ్డికోత అయిపోయింది. నా కుడి భుజం ఇంకా కుదరలేదు. ఏప్రిల్‌లో ఒక పొగరుబోతు గుర్రం నన్ను కంచె మీదికి విసిరేసింది. నా భార్య డెల్ఫా ఉంటే ఆ గుర్రాన్ని ఎక్కనిచ్చేది కాదు. డెల్ఫా ఫిబ్రవరిలో పోయింది.

వెండెల్ డెల్ఫా తమ్ముడు. రంపపు మిల్లులో వాడి పని ఊడి అప్పటికి ఏడాది. ఆ రోజు కొండపళ్లు ఒక డబ్బా నిండా తెచ్చాడు. చంకలో దుప్పట్లో చుట్టిన పొడుగాటిదేదో ఉంది. దాన్ని తలుపు వెనకాల నిలబెట్టి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను కాఫీ పోశాను.

"బావా, ఈ ఏడు నీకు ఏమేం కొట్టాలని ఉందో చెప్పు ముందు," అన్నాడు. "జంతువును బట్టి తూటా, తూటాను బట్టి తుపాకీ. అటునుంచి ఇటు రావాలి."

"ఎప్పుడూ కొట్టేవే. మైదానంలో జింక. ఏటి పొదల్లో దుప్పి. పైన కొండల్లో గుర్రమంత ఎల్క్. దారికి అడ్డం వస్తే ఎలుగు."

"నాలుగూనా? ఆ భుజంతోనా?"

"భుజం నాది."

"నీదే లేవయ్యా. నొప్పి కూడా నీదే కదా అని అడుగుతున్నా."

వాడు మాట్లాడుతున్నంతసేపూ వాడి చూపు గోడమీదే ఉంది. గోడకు డెల్ఫా తుపాకీ ఉంది. థర్టీ-ఆట్-సిక్స్, పెద్ద తూటాది. వాల్‌నట్ కర్ర, చెయ్యి ఆనేచోట రంగు పోయి నున్నబడ్డది. అది మా మామ రూడీది. మా పెళ్లిరోజున మామ దాన్ని తెచ్చి కొడుకు చేతిలో కాక కూతురి చేతిలో పెట్టాడు. "గురి ఎవరికుంటే తుపాకీ వాళ్లది," అన్నాడు. పెళ్లికి వచ్చినవాళ్లు నవ్వారు. వెండెల్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. వాడూ నవ్వాడు.

ఆ తుపాకీతో డెల్ఫా జింక మొదలు ఎలుగుదాకా కొట్టింది. ఊళ్లోవాళ్లు ఆ తుపాకీలో ఏదో ఉందనేవాళ్లు. తుపాకీలో ఏమీ లేదు. నిజానికి దాని గొట్టం లోపల అరిగిపోయింది. కొట్లో కొన్న తూటా పెడితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, ఒకటి దేవుడికి. ఉన్నదంతా డెల్ఫా చేతుల్లో ఉంది. చలికాలం సాయంత్రాలు వంటింటి పక్కగదిలో బల్ల ముందు కూర్చుని, పేలిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ తుపాకీమందు తూచిపోసి, గుండు బిగించేది. అరుగుదలకు సరిపడా గుండును కాస్త బయటికి ఉంచేది. ఎంత బయటికి అన్నది గోటితో చూసుకునేది. జింకకు తేలిక గుండు. దుప్పికి నడిమిది. ఎల్క్‌కూ ఎలుగుకూ బరువుది, లోపల అడ్డుగోడ ఉండే రకం. ముందు భాగం పువ్వులా విచ్చుకున్నా వెనక భాగం చెదరదు. మూడు బరువుల గుండ్లూ ఒకే గురికి అరచేయంత మేరలో పడాలి. గురి మార్చకుండా ఏ తూటా కావాలంటే ఆ తూటా వేసుకోవాలి. అది కుదరడానికి ఆమెకు ఎన్నో చలికాలాలు పట్టాయి.

ఏది ఏదో తెలియడానికి తూటా అడుగున గోళ్లరంగు చుక్క పెట్టేది. జింకకు గులాబీ. దుప్పికి తెలుపు. ఎల్క్‌కు ఎరుపు. ఆ రంగులు కొనుక్కొచ్చినప్పుడు కొట్టువాడు ఎగతాళి చేసేవాడట. ఆమె తన గోళ్లకు ఎన్నడూ వేసుకోలేదు.

జబ్బు ముదిరాక ఆఖరి చలికాలంలో కూడా కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. నేను తూస్తానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు తూస్తే నీ తప్పు నీకు తెలీదు," అంది. "నేను తూస్తే నా తప్పు నాకు తెలుస్తుంది. పక్కన కూర్చుని చూడు."

కూర్చుని చూశాను. ఎర్రచుక్కవి ఒక డబ్బా, తెల్లవి కొన్ని, గులాబీవి కొన్ని. ఆ ఏడు వేటకని చేసింది. వేటకాలం దాకా ఉండనని ఆమెకు తెలుసు.

"అక్క తుపాకీతో ఏదైనా కొట్టొచ్చు. ఒప్పుకుంటా," అన్నాడు వెండెల్. "కానీ తన్నుద్ది. ఒక్కటి పేల్చి చూడు. నీ భుజం తట్టుకుంటే నేనింక నోరెత్తను."

పశువుల మేత పొలంలోకి వెళ్లాం. తెల్లచుక్కది ఒకటి వేసుకుని పేల్చాను. గురిపెట్టిన డబ్బా ఎగిరింది. నేను మోకాళ్లమీద పడ్డాను. కళ్లముందు కాసేపు ఏమీ లేదు. లేచేసరికి వెండెల్ నా చేతిలోంచి తుపాకీ తీసుకున్నాడు. పసిబిడ్డను తీసుకున్నట్టు తీసుకున్నాడు.

తర్వాత తలుపు వెనకాలదాన్ని తెచ్చి దుప్పటి విప్పాడు. టూ-ఫార్టీ-త్రీ, చిన్న తూటాది. కొత్తది, తేలిక. పేలిస్తే భుజం మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది, అంతే.

"ఇదీ నీ తుపాకీ," అన్నాడు. "ఉంచుకో. జింకకు ఇంతకన్నా మంచిది లేదు. దుప్పికీ చాలు."

"ఎల్క్‌కు?"

వాడు గడ్డిపరక తెంపి నోట్లో పెట్టుకున్నాడు.

"ఎల్క్ సంగతి వదిలెయ్ బావా. నీకు చెప్పాలా వద్దా అనుకుంటున్నా. మూకుడు పోయింది. జూలైలో పైకి వెళ్లొచ్చా. కలప కంపెనీ గుట్ట అవతలినుంచి రోడ్డు వేసింది. ఒక్క గిట్ట జాడ లేదు. మందలన్నీ అటు దాటిపోయాయి."

మూకుడు అంటే కొండల మధ్య ఒక లోయ. చుట్టూ రాళ్లు, నడుమ పచ్చిక, అంచున ఒక ఊట. బయటినుంచి చూస్తే అక్కడ ఒక లోయ ఉందని తెలియదు. మామ దాన్ని కనిపెట్టి పిల్లలిద్దరికీ చూపించాడు. పెళ్లయ్యాక డెల్ఫా నన్ను తీసుకెళ్లింది. మా వైపు మనిషి తన పొలం చూపిస్తాడు, పెట్టె తాళం ఇస్తాడు, ఎల్క్ దొరికే చోటు మాత్రం చెప్పడు. అడగడమే మర్యాద తక్కువ. అక్కడ కొట్టిన జంతువును ఎవరు కొట్టినా మాంసం మూడు వాటాలు వేసేవాళ్లం, మామకు, వెండెల్‌కు, మాకు. మామ పోయాక రెండు వాటాలు. కోరపళ్లు రెండూ డెల్ఫాకు. అవి ఏనుగు దంతంలా ఉంటాయి. ఆమె వాటిని ఒక గాజుసీసాలో వేసుకునేది.

ఈ ఏడు కూడా మూకుడుకు ఎక్కాలని నా ఆశ. ఆమె చేసిన ఎర్రచుక్క తూటా ఒక్కటి అక్కడ పేల్చాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. ఆ మాట వెండెల్‌కు చెప్పాను కూడా.

"ఈ ఏడు కాదులే," అన్నాడు వాడు నా వీపు తట్టి. "భుజం కుదరనీ. మందలు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తాయి. అప్పుడు ఇద్దరం ఎక్కుదాం. అందాకా అక్క తుపాకీ నా దగ్గర ఉంచనా? నీ గోడకు చెమ్మ. ఆ తుపాకీకని మా నాన్న కొట్టిన మేకు ఇప్పటికీ మా ఇంట్లో ఖాళీగానే ఉంది."

నేను చిన్న తుపాకీ వైపు చూశాను.

"తూటాలు కూడా ఇవ్వు. నీ చిన్నదానికి అవి పట్టవు కదా. తుపాకీతోపాటే ఉంటాయి. ఒక్కటి కూడా పేల్చను బావా. నువ్వు పైకెక్కే రోజు నీ చేతిలో పెడతా."

"మాటేనా?"

"అక్క మీద ఒట్టు."

ఇచ్చాను. వాడి బండి వంతెన దాటేదాకా నిలబడి చూశాను. తర్వాత లోపలికి వచ్చి గోడమీద తెల్లగా మిగిలిన చోటు చూశాను. ఇల్లు ఇంకొంచెం ఖాళీ అయింది. అయినా మంచిపనే చేశాననుకున్నాను. తండ్రి వస్తువు కొడుకు ఇంటికి వెళ్లింది, ఒక చలికాలం ఉంటే ఏం, అనుకున్నాను.

అక్టోబర్‌లో జింకల వేట మొదలైంది. సేజ్ పొదల మధ్య పొట్టమీద పాకి చిన్న తుపాకీతో ఒక జింకపోతును కొట్టాను. మంచి తుపాకీయే. దాన్ని తప్పు పట్టను. మాంసం సగం మూటకట్టుకుని వెండెల్ ఇంటికి వెళ్లాను. మా ఇంటినుంచి రెండు మైళ్లు. వాడు దొడ్లో ఉన్నాడు. దొడ్లో నాలుగు కొత్త గుర్రాలు, గడ్డివాములో పెద్ద గుడారం గుడ్డ, పొగగొట్టం ఉన్న రేకుపొయ్యి.

"ఇదంతా ఏంట్రా?"

"కలప కంపెనీవాళ్లకు సామాను మోస్తున్నా. కూలి పని. తప్పదు కదా."

"తుపాకీ ఎట్లా ఉంది?"

"మేకుకు ఉంది. ఏం, చూస్తావా?"

"వద్దులే."

చూస్తానని అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఆ రోజుకు అది మేకుకే ఉండేదేమో.

అక్టోబర్ ఆఖరులో ఎల్క్ వేట తెరిచారు. తెరిచిన ఆదివారం దాటాక వెండెల్ మా ఇంటికి వచ్చాడు. చలికి బుగ్గలు కందిపోయాయి. భుజం మీద తెల్లగుడ్డ చుట్టిన మాంసం. ముందరి జబ్బ.

"తీసుకో బావా. ఎల్క్."

"ఎక్కడ?"

"ఉత్తరపు వాగు మీద. దూరం. మూడేళ్ల మగది. నా సొంత తుపాకీ, మాగ్నమ్‌తో ఒక్కటే దెబ్బ."

"ముందరి జబ్బ ఇస్తున్నావేం? తొడ ఎప్పుడూ ఇటే వచ్చేది."

"మూకుడుది అయితే అట్లా. ఇది మూకుడుది కాదు కదా," అని నవ్వాడు. "తిను. చిక్కిపోయావు."

వాడు కూర్చోలేదు. కాఫీ వద్దన్నాడు. ముప్పై ఏళ్లలో వాడు మా ఇంట్లో కాఫీ వద్దనడం అదే మొదటిసారి.

జబ్బను బల్లమీద వేసి కత్తి తీసుకున్నాను. ఎముకనుంచి మాంసం ఒలుస్తుంటే, తోలు వైపున, కత్తిమొనకు గట్టిగా ఏదో తగిలింది. వేలితో తవ్వి తీశాను. గుండు. ఒక పక్కనుంచి జంతువును దాటుకొచ్చి ఈ పక్క జబ్బలో ఆగింది. ముందు భాగం విచ్చుకుంది. వెనక సగం పోతపోసినట్టు చెదరకుండా ఉంది.

నీళ్ల కింద కడిగాను. లోపల అడ్డుగోడ ఉన్న రకం.

తర్వాత పక్కగదిలోకి వెళ్లాను. డెల్ఫా బల్లమీద పాత ఇత్తడి గొట్టాలు ఒక బొచ్చెలో ఉన్నాయి. అన్నీ థర్టీ-ఆట్-సిక్స్‌వి. ఒకటి తీసి దాని నోట్లో గుండు వెనక భాగం పెట్టాను. వెండెల్ మాగ్నమ్ గుండు సన్నం. అందులో పెడితే వదులై లొటలొటలాడాలి. ఇది మెత్తగా, సరిగ్గా, సొరుగు మూసుకున్నట్టు దిగింది.

దాన్ని అక్కడే బల్లమీద నిలబెట్టాను. వంటింట్లోకి వచ్చి మిగిలిన మాంసం ఒలిచాను. ఉప్పు రాశాను. ఆ రాత్రి అందులో ముక్క కూడా వండుకోలేదు.

తెల్లవారాక మూకుడుకు బయల్దేరాను.

గుర్రం మీద సగం దూరం, మిగతాది నడక. మంచు చీలమండల దాకా ఉంది. కలప రోడ్డు ఎక్కడా లేదు. చెట్టు ఒక్కటి నరికిన జాడ లేదు. ఉన్నదల్లా గిట్టల దారి, నాలుగు గుర్రాలు బరువుతో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కిన దారి. రాళ్ల నడుమ సందు దాటి అంచుమీద నిలబడ్డాను. పచ్చిక నడుమ తెల్లటి గుడారం. పైన రేకుపొగగొట్టం. గుడారం పక్కన కర్రకు మూడు మగ ఎల్క్‌ల తలలు వేలాడుతున్నాయి. ఊట దగ్గర, డెల్ఫా కూర్చునే రాతిమీద, ఎవడో సాక్సులు ఆరేశాడు.

దిగాను. గుడారం ముందు పెట్టె మీద ఒక లావాటి మనిషి కాఫీ తాగుతున్నాడు. కొత్త నారింజరంగు కోటు, మడత నలగలేదు. ఒళ్లో డెల్ఫా తుపాకీ.

"రండి పెద్దాయనా!" అన్నాడు. "ఇంత దూరం ఎట్లా ఎక్కారు ఈ వయసులో? కాఫీ తాగండి. నా పేరు ఫ్లెచర్. ఇండియానా నుంచి వచ్చా."

"ఎల్క్ కొట్టారా?" అన్నాను.

"నేనింకా లేదు. నా ముందు డబ్బు కట్టి వచ్చినవాళ్లు ముగ్గురూ కొట్టారు, ఇదిగో దీంతోనే. నేనూ సొంత తుపాకీ తెచ్చుకున్నా, ఇంట్లోవాళ్లు మూడు నెలలు కొట్ల చుట్టూ తిప్పి కొనిపించారు. ఇక్కడికొచ్చాక వెండెల్ ఏమన్నాడో తెలుసా? 'అది పక్కన పడెయ్, దీంతో కొట్టు, ఇది చీమనుంచి ఎలుగుదాకా కొట్టుద్ది' అన్నాడు." నవ్వాడు. మంచి మనిషి. నాకు అతని మీద కోపం లేదు. "తూటాలు చూడండి. చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎవరో ముసలాయన తయారుచేసేవాడట. ఈ తుపాకీ ఆయనదేనట. పాపం పోయాడట."

"పోయాడా?"

"ఈ ఏడేనట. వెండెల్‌కు చుట్టమట. పోతూ పోతూ ఇచ్చిపోయాడట."

కాఫీ చేదుగా ఉంది. తాగాను.

"తూటాలు చేసింది ఆయన కాదు," అన్నాను. "ఆయన భార్య."

"మీకు వాళ్లు తెలుసా?"

"ఆమె తెలుసు."

అప్పుడే వెండెల్ కట్టెలమోపుతో చెట్లలోంచి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. కట్టెలు దింపలేదు.

"బావా."

"పోయినవాణ్ణి వరసపెట్టి పిలవకురా. వచ్చినవాళ్లు భయపడతారు."

ఫ్లెచర్ వాణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు. మెల్లగా తుపాకీని పెట్టెమీద పెట్టి గుడారంలోకి వెళ్లిపోయాడు. మర్యాద తెలిసినవాడు.

వెండెల్ కట్టెలు దింపాడు. దులుపుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు? మిల్లు పోయింది. మిషన్ల పని నాకు రాదు. నాకు తెలిసింది కొండ ఒక్కటే. తెలిసినదాన్ని అమ్ముకున్నా."

"నన్ను అడిగి ఉండాల్సింది."

"అడిగితే ఏమనేవాడివి?"

"వద్దనేవాణ్ణి."

"మరి?"

"వద్దని అనిపించుకుని ఉండాల్సింది."

వాడి మొహం ఎర్రబడింది. "నీ అనుమతి ఏంటి నాకు? ఇది మా నాన్న నాకు చూపించిన చోటు. నువ్వు అక్క చెయ్యి పట్టుకుని వచ్చావు. అక్క లేదు. ఇంక నువ్వెవరు ఇక్కడ?"

ఈ ముప్పై ఏళ్లలో వాడి పిల్లలు మా ఒళ్లోనే పెరిగారు. వాడి పెళ్లికి నేను సాక్షి సంతకం పెట్టాను. మామ శవపేటిక ఒక కొస వాడు, ఒక కొస నేను మోశాం. ఇవన్నీ వాడికీ గుర్తే. అందుకని చెప్పలేదు.

"చిన్న తుపాకీ నా చేతిలో ఎందుకు పెట్టావో ఇప్పుడు అర్థమైంది," అన్నాను. "నేను కింద మైదానంలో జింకల వెంట తిరుగుతూ ఉండాలి. పైకి చూడకూడదు."

వాడు నేలకేసి చూశాడు.

"నీ భుజం నిజంగానే..."

"భుజం నిజమే. దాన్ని వాడుకున్నావు."

పెట్టె దగ్గరికి వెళ్లాను. తుపాకీ గడియ వెనక్కి లాగి లోపలున్న తూటాలు తీశాను. ఎర్రచుక్కవి. పక్కన డబ్బా ఉంది. అందులో మిగిలిన ఎరుపు, తెలుపు, గులాబీ అన్నీ కోటు జేబుల్లో వేసుకున్నాను. తుపాకీని మళ్లీ పెట్టెమీదే పెట్టాను.

"తుపాకీ?" అన్నాడు వెండెల్.

"అది మీ నాన్నది. ఉంచుకో. తూటాలు నా భార్యవి."

వాడికి నవ్వొచ్చింది. ఊపిరి పీల్చుకున్నాడు కూడా. అంతకన్నా పెద్దది ఏదో జరుగుతుందని భయపడ్డట్టున్నాడు. "తూటాలదేముంది," అన్నాడు. "కొట్లో దొరుకుతాయి."

"దొరుకుతాయి," అన్నాను.

వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కాను. భుజం ఆ రోజు నొప్పి పెట్టలేదు.

నవంబర్ నడిమిలో ఒక పొద్దున వెండెల్ తలుపు కొట్టాడు. టోపీ చేతిలో ఉంది. నేను తలుపు సగమే తెరిచాను.

"బావా, ఒక్కమాట చెప్పు, వెళ్లిపోతా. అక్క మందు ఎంత పోసేది? ఏ రకం? కొట్టు తూటాలు ఏవి పెట్టినా ఎటో పోతున్నాయి. మూడు కంపెనీలవి మార్చా. తుపాకీకి ఏం తెగులు పట్టిందో."

"తుపాకీకి ఏమీ కాలేదు. అది ఎప్పుడూ అంతే."

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వాడి కళ్లు నా భుజం మీదుగా పక్కగది వైపు వెళ్లాయి.

"నీకు తెలుసు కదా. నువ్వు పక్కన కూర్చునేవాడివి."

"కూర్చునేవాణ్ణి."

"చెప్పు మరి. సీజను ఇంకా రెండు వారాలుంది. ఇద్దరు రావాల్సి ఉంది. నిన్న ఆ ఇండియానా ఫ్లెచర్, ఇంకో వారం ఉండిపోయాడు పాపం, పెద్ద మగదాన్ని కడుపులో కొట్టాడు. జబ్బకు గురి పెడితే కడుపులో తగిలింది. అది చెట్లలోకి పోయింది."

"దొరికిందా?"

"లేదు."

"ఎప్పుడు కొట్టింది?"

"నిన్న సాయంత్రం."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"మంచు పడింది బావా. నెత్తురు జాడ పోయింది. ఎక్కడని వెతకను? ఫ్లెచర్‌ను బస్సెక్కించాలి కూడా..."

దెబ్బతిన్న జంతువును వదిలి రావడం మా మామ ముందు అయితే వాడు చేసేవాడు కాదు. డెల్ఫా ముందు కూడా చేసేవాడు కాదు. ఇంటికి అన్నం తినడానికి కూడా రానిచ్చేది కాదు. తలుపు వేశాను. వాడు మెట్లమీదే ఉన్నాడు. "ఆర్విడ్," అని నన్ను పేరు పెట్టి పిలిచాడు. బావా అనలేదు. తర్వాత బండి చప్పుడు వినిపించింది.

నేను కోటు వేసుకున్నాను. చిన్న తుపాకీ తీసుకున్నాను. నాకున్నది అదే.

కడుపులో దెబ్బ తగిలింది దూరం పోదు. దాహం వేస్తుంది. నీళ్లవైపు పోతుంది. కిందికి పోతుంది. మూకుడు ఊట రాళ్ల కింద దాక్కుని మళ్లీ ఒకచోట పైకి వస్తుంది, తుప్పల్లో, తూర్పు వాలు మీద. ఆ చోటు వెండెల్‌కు తెలియదు. ఒక ఎండాకాలం డెల్ఫా తన కొప్పులో పెట్టుకున్న పువ్వును ఊటలో వేసి, అది ఎక్కడ తేలుతుందో చూద్దామని నన్ను సాయంత్రం దాకా తిప్పింది. పువ్వు తేలలేదు. నీళ్లు దొరికాయి.

అది అక్కడే పడుకుని ఉంది. పెద్దది. కొమ్ములు తుప్పల పైకి ఎండిన కొమ్మల్లా కనిపించాయి. నన్ను చూసింది. లేవాలని ముందుకాళ్లు ఊని, లేవలేక మళ్లీ కూలబడింది. కళ్లు పెద్దగా ఉన్నాయి. రాత్రంతా అట్లానే ఉన్నట్టుంది. చుట్టూ మంచు కరిగి గుంటపడింది.

ఆ తూటా ఎల్క్‌కు చాలుతుందని వెండెల్ అనలేదు. దూరంనుంచి చాలదు. నేను దూరంగా లేను. గదిలో ఈ గోడకూ ఆ గోడకూ ఉన్నంత దూరం దాకా నడిచివెళ్లాను. అది నావైపే చూస్తోంది. చెవి వెనక పెట్టి పేల్చాను. చిన్న చప్పుడు. అంత దగ్గరికి వచ్చినవాడికి ఏ తూటా అయినా చాలు.

నా వేట అనుమతిచీటీ దాని కొమ్ముకు కట్టాను. ముక్కలు కోసి కిందికి చేర్చడానికి రెండు రోజులు పట్టింది. కడుపు దగ్గరి మాంసం పాడైంది. తొడలు, వీపు బాగున్నాయి. పక్కపొలం హాల్వర్సన్ గుర్రం ఇచ్చాడు, అతనికి ఒక జబ్బ ఇచ్చాను.

తొడలు రెండూ వాకిలి దూలానికి వేలాడదీశాను. చలికి గట్టిపడ్డాయి. సీజను ముగిసిన సాయంత్రం వెండెల్ బండి మా గేటు ముందు నెమ్మదించింది. వాకిట్లో దీపం వెలుగుతోంది. తొడలు కనిపిస్తున్నాయి. మూకుడు మాంసం మా ఇంటినుంచి వాడి ఇంటికి వెళ్లని మొదటి ఏడు అది. నేను కత్తి నూరుకుంటున్నాను. బండి ఆగింది. ఇంజను కాసేపు అట్లానే తిరిగింది. నేను తల ఎత్తలేదు. బండి వెళ్లిపోయింది.

కోరపళ్లు రెండూ కడిగి డెల్ఫా సీసాలో వేశాను. సీసా పక్కనే తూటాలు పెట్టాను, రంగులవారీగా. వాటిని పేల్చే తుపాకీ నా దగ్గర లేదు. ఆ తుపాకీ రెండు మైళ్ల అవతల, మామ కొట్టిన మేకుకు, ఎందుకూ పనికిరాకుండా వేలాడుతోందని విన్నాను. వెండెల్ మరుసటి ఏడు గుర్రాలు అమ్మేశాడు.

మందు ఎంతో, గుండు ఎంత బయటికో, నాకు తెలుసు. ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. మర్చిపోయానంటాను.